ఫోర్క్ పైపు పాడైతే ఏం చేయాలి: అరాల్డైటా, హార్డ్ క్రోమా, కొత్త పైపా?

ముందు షాకబ్జర్ నుంచి ఆయిల్ కారుతోందని బండి తీసుకెళ్తే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట "సీలు పోయిందన్నా, మార్చేద్దాం". మారుస్తాడు, ఆయిల్ పోస్తాడు, డబ్బులు తీసుకుంటాడు, నెల తిరక్కుండానే పైపు మీద మళ్లీ జిడ్డు. డూప్లికేట్ సీలు వేశాడని అతన్ని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు సీలు (ఆయిల్‌ని లోపలే ఆపే రబ్బరు రింగు) మంచిదే, అది రోజంతా రుద్దుకునే పైపు మీదే, అంటే ముందు షాకబ్జర్‌లో (ఫోర్క్ అన్నా అదే) మెరిసే క్రోమ్ గొట్టం మీదే తేడా ఉంటుంది. ఆవగింజంత తుప్పు గుంట, దానికి ఒక గరుకు అంచు ఉంటే చాలు, సీలు లోపలి రబ్బరు కోసుకుపోతుంది. పైపు సంగతి చూడకుండా ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగే.

పైపుని దారికి తెచ్చుకోవడానికి మార్గాలు చాలానే ఉన్నాయి. వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) రుద్దుకోవచ్చు, అరాల్డైట్ జిగురు పెట్టి గుంట పూడ్చుకోవచ్చు, హార్డ్ క్రోమ్ (పైపుకి మళ్లీ గట్టి క్రోమ్ పూత) చేయించొచ్చు, సెకండ్ హ్యాండ్ పైపు వెతుక్కోవచ్చు, కొత్తది కొనొచ్చు, వంగితే ప్రెస్‌లో పెట్టి సాపు చేయించొచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. విడివిడిగా నాలుగైదు గుంటలుంటే ఇంట్లో అరాల్డైట్ పని చాలు. రోజూ ఆఫీసుకి తిరిగే మామూలు బండికి అంతకుమించి పాడైతే కొత్త పైపు. హార్డ్ క్రోమ్ అనేది పైపులు దొరకని పాత బళ్లకి. వంగిన పైపుని సాపు చేయించడం మాత్రం చూడ్డానికి చవకగా కనిపిస్తుంది గానీ ఆ బేరం నేను ఎవరికీ చెప్పను.

ఇదంతా స్ప్లెండర్, పల్సర్ 150, క్లాసిక్ 350 లాంటి మామూలు టెలిస్కోపిక్ ఫోర్కుల గురించి. కేటీఎం డ్యూక్‌లో ఉండేలాంటి తలకిందుల ఫోర్కులకి (యూఎస్‌డీ అంటారు కదా) ఇంటి వైద్యం వద్దు. వాటిలో క్రోమ్ పైపు కింద ఉంటుంది, సీలు దానికి పైన ఉంటుంది, లీకైన ఆయిల్ నేరుగా బ్రేక్ కాలిపర్ (డిస్కుని నొక్కిపట్టే భాగం) మీదకి దిగుతుంది. అది ప్రయోగాలు చేసే చోటు కాదు.

ముందు రూపాయి ఖర్చు లేకుండా చూడాల్సినవి

పైపుని అనుమానించే ముందు సీలు కింద మట్టి ఇరుక్కుందేమో చూడండి. వర్షాకాలంలో బురద రోడ్ల మీద తిరిగిన బళ్లకి ఇది చాలా మామూలు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది, దాంట్లోంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి, ఒక కొసని చిన్న కొక్కెంలా కోయండి. ఆయిల్ సీలుకి పైనున్న డస్ట్ సీలుని (దుమ్ము ఆపే రబ్బరు) సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా, పైపుకి గీత పడకుండా లేపి పైకి జరపండి. ఇప్పుడు ఫిల్మ్ ముక్కని పైపుకీ ఆయిల్ సీలుకీ మధ్య దూర్చి చుట్టూ ఒక రౌండు తిప్పి బయటికి లాగితే నల్లటి పేస్టులాంటి మట్టి కొక్కేనికి పట్టుకుని వస్తుంది. రెండు మూడు సార్లు చేసి, గుడ్డతో తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ని పదిసార్లు కిందకి నొక్కండి. పైపు పొడిగా ఉంటే రెండు రోజులు బండి నడిపి మళ్లీ చూడండి. చాలా లీకులు ఇక్కడే ఆగిపోతాయి. ఇనుప రేకు, బ్లేడు లాంటివి మాత్రం లోపల దూర్చకండి, అప్పుడు సీలు నిజంగానే పోతుంది.

అయినా ఆగలేదంటే, గుంట ఎక్కడుందో చూడాలి. ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడుందన్నదే ముఖ్యం. డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేచేలా చేసి, పైపు చుట్టూ డస్ట్ సీలుకి ఆనుకుని ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించండి. తర్వాత బండి మీద ఊళ్లో ఒక రౌండేయండి, నాలుగు స్పీడ్ బ్రేకర్లు ఎక్కించండి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేకు కొట్టండి. ఇంటికొచ్చి మళ్లీ చక్రం లేపి చూస్తే ఆ టై ఎక్కడిదాకా జరిగిందో అక్కడిదాకే సీలు పని. కొత్త క్లాసిక్ 350 లాంటి బండికి ఫోర్క్ ప్రయాణం మొత్తం 130 మి.మీ., అందులో మామూలు రోడ్ల మీద పూర్తిగా వాడేది తక్కువ. టై ఆగిన చోటుకి బాగా పైన, హెడ్‌లైట్ బ్రాకెట్ దగ్గర ఎంత తుప్పున్నా సీలుకి సంబంధం లేదు. అక్కడ తుప్పు తుడిచి కొంచెం గ్రీజు రాసి వదిలేయండి. ఆ తుప్పు చూపించి "పైపులు రెండూ మార్చాలి" అనేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

సీలు తిరిగే భాగంలోనే గుంటలుంటే వేలి గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు తగలకపోతే అది మరక, పట్టించుకోనక్కర్లేదు. గోరు తట్టుకుంటే పని ఉంది. ఇంకా సన్నగా పట్టుకోవాలంటే పొడి దూదిని పైపు మీద లాగండి, గరుకు అంచు ఉన్న ప్రతి చోటా రెండు పోగులు అతుక్కుని మిగిలిపోతాయి. ఎక్కడెక్కడ దూది పట్టిందో అక్కడ స్కెచ్ పెన్నుతో చుట్టూ గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వాటర్ పేపర్ ఒక్కటే చాలేది ఎప్పుడు

రాయి తగిలి క్రోమ్ మీద చిన్న నొక్కు పడి, అంచు పైకి లేచిందంటే, ఆ లేచిన అంచు తీసేస్తే చాలాసార్లు సరిపోతుంది. గుంట అలాగే ఉన్నా సీలు దాని మీదుగా జారిపోతుంది. 1000 నంబర్ వాటర్ పేపర్‌ని అంగుళం వెడల్పు పట్టీగా చింపి, తడిపి, బూట్లు పాలిష్ చేసేవాళ్లు గుడ్డ లాగినట్టు పైపు చుట్టూ అటూ ఇటూ లాగాలి. తర్వాత 1500, ఆఖర్న 2000. పైనుంచి కిందకి మాత్రం రుద్దకండి. నిలువు గీత ఎంత సన్నదైనా ఆయిల్‌కి అది కాలవ, దాని వెంబడే పాకుతుంది. అడ్డంగా పడ్డ సన్న గీతలు ఆ పని చేయవు.

రుద్దేటప్పుడు ఒక ఆశ పుడుతుంది, ఇంకొంచెం రుద్దితే గుంటే పోతుందేమో అని. పోదు. క్రోమ్ పొర మందం మిల్లీమీటరులో వందో వంతుల లెక్క, గుంట దానికంటే లోతు. గుంట పోయేదాకా రుద్దితే క్రోమే పోతుంది, కింద స్టీలు బయటపడి వచ్చే వర్షానికి అక్కడ అరచేయంత తుప్పు. గరుకు పోయిందా, దూది పట్టట్లేదా, ఆపేయండి.

పూడ్చడం: ఏ జిగురు

ఇక్కడే అందరికీ అనుమానం. క్రోమ్ పొరలో కంటికి కనపడని సన్న పగుళ్లుంటాయి, నీళ్లు వాటిలోంచి దిగి కింద స్టీలుని తింటాయి. అందుకే పైన సూది మొనంత నల్ల చుక్క కనిపిస్తుంది, గీకి చూస్తే కింద దానికి రెండింతల గుంట. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, నెలల తరబడి బయట ఆపేసిన బళ్లలో ఇది ఎక్కువ. ఆ గుంటకి అడుగు ఉక్కు కాబట్టి, శుభ్రం చేసి పెడితే జిగురు పట్టుకుంటుంది. నున్నటి క్రోమ్ మీద మాత్రం ఏ జిగురూ నిలవదు. అందుకే గుంటలు పూడ్చొచ్చు గానీ ఊడిపోయిన క్రోమ్‌ని జిగురుతో తిరిగి తేలేం.

నెయిల్ పాలిష్ చాలామంది చెప్పే చిట్కా. వారం పది రోజులు ఆగుతుంది, బండిని ఊరి దాకా చేర్చుకోవడానికి బానే ఉంటుంది, అంతకుమించి దానికి పేరు పెట్టక్కర్లేదు. ఫెవిక్విక్ సన్నటి గీతల్లోకి బాగా పాకుతుంది, తొందరగా గట్టిపడుతుంది, బ్లేడుతో సాపు చేయడం తేలిక. కానీ పెళుసు, కొంచెం లోతున్న గుంటలో పొరలు పొరలుగా ఊడొస్తుంది. వెంట్రుకంత గీతకైతే అదే నా మొదటి ఎంపిక. ఎం-సీల్ వాటర్ ట్యాంకుకి బ్రహ్మాండం, ఇక్కడికి వద్దు. దాంట్లో పిండి మోటుగా ఉంటుంది, చిన్న గుంటలోకి దిగదు, ఎంత రుద్దినా నున్నన కాదు.

మిగిలింది అరాల్డైట్. అందులోనూ రెండు ట్యూబుల్లో వచ్చే మామూలు, నిదానంగా గట్టిపడే రకం తీసుకోండి. ఐదు నిమిషాల రకం తొందరపడేవాళ్లకి బాగుంటుంది గానీ అంత గట్టిగా అవదు. ఇనుప పొడి కలిసిన జేబీ వెల్డ్ లాంటివి ఆన్‌లైన్లో దొరుకుతాయి, మంచివే, కానీ రెండు మూడు గుంటల కోసం ఆ డబ్బు పెట్టాలా అంటే నాకు అవసరం అనిపించదు. అరాల్డైట్ పని, వాటర్ పేపర్లు, థిన్నర్ అన్నీ కలిపి రెండు మూడు వందల్లో తేలిపోతుంది.

పని అంతా శుభ్రంలోనే ఉంది, జిగురు పెట్టడం అర నిమిషం. ముందు గుంటలోని తుప్పుని దబ్బనం మొనతోనో గట్టి సూదితోనో గీకి గీకి తీయాలి, గోధుమ రంగు పొడి రావడం ఆగి మెరిసే ఉక్కు కనిపించేదాకా. చుట్టూ వదులైన క్రోమ్ పొరలు ఉంటే అవి కూడా ఇప్పుడే లేచిపోనివ్వండి, తర్వాత ఊడి సీలులో పడే కంటే మేలు. తర్వాత థిన్నర్‌లోనో అసిటోన్‌లోనో ముంచిన దూదితో రెండు మూడు సార్లు తుడవండి. పెట్రోలు వాడకండి, ఆరాక కూడా సన్నటి జిడ్డు వదులుతుంది, కిరోసిన్ ఇంకా ఘోరం. ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంటే గుంట దగ్గర వేడి చేయండి, లోపల దాక్కున్న ఆయిల్ చెమటలా పైకి తేలుతుంది, దాన్ని మళ్లీ తుడిచేయండి. జిగురు ఊడిపోయిందని చెప్పేవాళ్లలో చాలామంది ఈ వేడి చేసే పని వదిలేసినవాళ్లే.

రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి ఒక రేకు ముక్క మీద బాగా కలిపి, అగ్గిపుల్ల కొన చెక్కి దాంతో గుంటలో పెట్టండి. గుంట అడుగు నుంచి నింపుకుంటూ రావాలి, గాలి బుడగ ఉండిపోకూడదు, పైన కొంచెం ఉబ్బెత్తుగా ఉండాలి. పైపు బయటికి తీసి చేస్తుంటే గుంట పైకి చూసేలా పడుకోబెట్టి ఒక రోజంతా వదిలేయండి, ఎండలో పెడితే ఇంకా గట్టిపడుతుంది. మర్నాడు కొత్త షేవింగ్ బ్లేడుని పైపుకి దాదాపు పడుకోబెట్టి ఉబ్బెత్తుని పొరలు పొరలుగా చెక్కండి. బ్లేడు చప్పుడు మారుతుంది, జిగురు మీద మెత్తగా, క్రోమ్ తగలగానే కీచుమని, అక్కడ ఆపండి. ఆ తర్వాత 1000, 1500, 2000 వాటర్ పేపర్ అడ్డంగా, తడితో. చివర్లో దూది పరీక్ష. గుర్తు పెట్టుకున్న చోట్లలో ఎక్కడా పోగు పట్టకూడదు. పొడిగా రుద్దకండి, ఆ దుమ్ము పీల్చుకునేది కాదు.

ఇదంతా పైపు బండి మీద ఉండగానే చేయొచ్చా? గుంట డస్ట్ సీలుకి రెండు వేళ్లు పైన ఉంటే చేయొచ్చు. చక్రం గాల్లో ఉంచి, సీలు చుట్టూ గుడ్డ కట్టి, దాని మీద టేపు చుట్టి, నీళ్లు తక్కువగా వాడుతూ చేయాలి. వాటర్ పేపర్ గరుకు సీలులో పడితే చేసిన పనంతా వృథా. గుంట సీలుకి మరీ దగ్గరగా ఉన్నా, లీకు ఇప్పటికే ఎక్కువగా ఉన్నా ఫోర్క్ విప్పక తప్పదు, ఎలాగూ సీలు కోసుకుపోయి ఉంటుంది.

ఎన్ని గుంటల దాకా ఇది పనిచేస్తుందంటే, గుండుసూది తలకాయంత గుంటలు విడివిడిగా ఉంటే భయం లేదు, బాగా చేసింది ఏళ్లు నిలుస్తుంది. గుంటలు ఒకదాన్నొకటి కలుపుకుని గోరంత మచ్చ అయిందా, క్రోమ్ పొర రేకులుగా లేస్తోందా, నిలువుగా పొడుగు గీత లోతుగా పడిందా, వదిలేయండి. అక్కడ అరాల్డైట్ పెట్టినా పక్కన క్రోమ్ కింద తుప్పు నడుస్తూనే ఉంటుంది.

ఫోర్క్ విప్పేటప్పుడు

మొత్తం విప్పే పద్ధతి బండిని బట్టి మారుతుంది, మీ మాన్యువల్ చూడండి. చాలామంది ఇరుక్కునే చోట్లు మాత్రం చెప్తా. పైనున్న పెద్ద బోల్టుని ఫోర్క్ ఇంకా బండిలో బిగించి ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలి, బయటికి తీశాక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పూర్తిగా విప్పేటప్పుడు ముఖం దాని మీద పెట్టకండి, కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, ఆఖరి చుట్టుకి ఎగురుతుంది. అడుగున అలెన్ బోల్టు తిప్పితే లోపలి రాడ్డు కూడా కలిసి తిరుగుతుంటే, స్ప్రింగు తీయకముందే, ఫోర్క్‌ని నేలకేసి నొక్కిపట్టి తిప్పి చూడండి. కాదంటే ఇంపాక్ట్ గన్ ఉన్న షాపులో ఆ ఒక్క బోల్టూ వదులు చేయించుకోండి. డిస్క్ బ్రేకు కాలిపర్‌ని హోసుకి వేలాడదీయకుండా తీగతో కట్టండి.

కొత్త సీలు ఎక్కించేటప్పుడు పైపు పై అంచుకి పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, దానికి కొంచెం ఫోర్క్ ఆయిల్ రాసి, దాని మీదుగా జార్చండి, అంచు పదునుకి కొత్త సీలు తెగకుండా ఉంటుంది. దింపడానికి ప్రత్యేక పనిముట్టు అక్కర్లేదు. పాత సీలుని పైన పెట్టి, సరిపోయే సైజు పీవీసీ పైపు ముక్కతో చుట్టూ సమానంగా తట్టుకుంటూ రండి, లాకు గాడి పూర్తిగా కనిపించేదాకా. ఆయిల్ రెండు పక్కలా మాన్యువల్ చెప్పిన గ్రేడే, చెప్పిన మి.లీ. మాత్రమే పోయాలి, పిల్లల టానిక్ సీసా మూతతో కొలిచినా చాలు. అంచనాగా పోస్తే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా తయారవుతుంది.

హార్డ్ క్రోమ్ ఎవరికి

ఇది ఇంటి పని కాదు, ఇంట్లో ప్రయత్నించనే వద్దు. ఆ తొట్టిలో వాడేది క్రోమిక్ యాసిడ్, హెక్సావాలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెచ్చే విషం. పాత క్రోమ్ తీసి, పైపుని గ్రైండ్ చేసి, మళ్లీ క్రోమ్ ఎక్కించి, మళ్లీ సైజుకి గ్రైండ్ చేయాలి. ఆ ఆఖరి గ్రైండింగే అసలు విషయం, అది లేకపోతే సైజు రాదు, బుష్ (పైపు జారడానికి లోపలుండే రింగు) బిగుసుకుంటుంది, సీలు రెండు నెలలు కూడా ఆగదు.

మనవాళ్లు మోసపోయేది ఇక్కడే. బంపర్లు, సైలెన్సర్లు మెరిపించే నికెల్ క్రోమ్ షాపు వేరు, హార్డ్ క్రోమ్ వేరు. మెరుపు రెంటికీ ఉంటుంది. అలంకారానికి వేసే క్రోమ్ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు, సీలు రాపిడికి నిలవదు. సరైన షాపుని గుర్తుపట్టడానికి నేనడిగే ప్రశ్న ఒకటే: జేసీబీ సిలిండర్ రాడ్లు చేస్తారా? హైడ్రాలిక్ రాడ్లు చేసేవాడి దగ్గర తొట్టీ ఉంటుంది, గ్రైండరూ ఉంటుంది, మైక్రోమీటరు పట్టుకోవడమూ తెలుసు. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల వెతకండి. రెండో పైపు మంచిదైతే అది కూడా తీసుకెళ్లి సైజు చూపించండి.

డబ్బు లెక్క చూస్తే, స్ప్లెండర్ లాంటి బండికి హార్డ్ క్రోమ్ చేయించే ఖర్చులో కొత్త పైపు వచ్చేస్తుంది, ఎందుకు చేయించాలి? కానీ మైసూరులో 1996లో మూతపడ్డ ఐడియల్ జావా వాళ్ల పాత యెజ్దీ, 80ల నాటి రాజ్‌దూత్ 350, ఇలాంటివి ఉన్నవాళ్ల కథ వేరు. వాటికి అసలు పైపు దొరకడమే గగనం, దొరికిన నకిలీ పైపుల స్టీలు మెత్తన. ఒరిజినల్ పైపు సూటిగా ఉంటే చాలు, దాన్ని క్రోమ్ చేయించుకోవడమే ఉత్తమం. ఆర్‌ఎక్స్ 100 వాళ్లకి కూడా ఇదే చెప్తా, ఒరిజినల్ పైపుని మాత్రం పాత సామానోడికి వేయకండి.

కొత్తదా, సెకండ్ హ్యాండా

కొత్తదంటే షోరూమ్ కౌంటర్ ఒక్కటే కాదు. బజాజ్ బళ్లకి ఎండ్యూరెన్స్, హీరో బళ్లకి ముంజాల్ షోవా, టీవీఎస్ బళ్లకి గాబ్రియేల్, ఇలా కంపెనీలకి షాకబ్జర్లు చేసిచ్చేవాళ్లే విడి భాగాలు కూడా అమ్ముతారు. ఆ పేరున్న డబ్బా నమ్మకమైన షాపులో దొరికితే షోరూమ్ ధర పెట్టక్కర్లేదు. ఏ పేరూ లేని పాలిథిన్ కవర్లో చుట్టిచ్చే పైపు మాత్రం వద్దు, క్రోమ్ మీద ఆదా చేసేది వాళ్లే. కొనేముందు పాత పైపు చేతిలో పట్టుకెళ్లి పొడవు, లావు, పై మర, అడుగున రంధ్రాలు అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకే పేరున్న బండిలో ఏడాదికీ ఏడాదికీ తేడాలుంటాయి. ఒక పక్కే పాడైతే ఒక పైపు మార్చుకోవచ్చు, తప్పేం లేదు, కానీ సీళ్లు, ఆయిల్ మాత్రం రెండు పక్కలా ఒకేసారి మార్చండి.

సెకండ్ హ్యాండ్ పైపుకి హైదరాబాద్‌లో పుత్లీబౌలి, చెన్నై వైపు ఉంటే పుదుపేట. అక్కడికెళ్లేటప్పుడు జేబులో కొంచెం దూది, ఫోన్‌లో టార్చి ఉంటే చాలు. టార్చిని పైపు పొడవునా ఏటవాలుగా వేసి తిప్పితే ప్రతి గుంటా నీడతో సహా కనపడుతుంది. బఫింగ్ చేసి కొత్తదానిలా మెరిపించిన పైపుని చూస్తే నాకు అనుమానం ఎక్కువ, మరీ తెల్లగా కాక పసుపుగా, మసకగా మెరిసే చోటుంటే అక్కడ క్రోమ్ అయిపోయిందని లెక్క. బేరం ఆడేముందు అద్దం మీద దొర్లించనివ్వమనండి. షాపులో షోకేసు అద్దం ఉంటుంది, దొర్లించనివ్వడంటే పైపు వంకరే అనుకుని బయటికి రండి.

వంగినప్పుడు

పడిపోయాక హ్యాండిల్ వంకరగా, చక్రం సూటిగా ఉంటే వెంటనే పైపు వంగిందని తేల్చేయకండి. చాలాసార్లు పైపులు టీలో (రెండు పైపుల్నీ బిగించి పట్టుకునే క్లాంపు) మెలితిరిగి ఉంటాయి, అంతే. ముందు చక్రం యాక్సిలు, మడ్‌గార్డు బోల్టులు, కింది టీ క్లాంపు బోల్టులు వదులు చేసి, చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ని సూటికి తిప్పండి. యాక్సిలు బిగించి, బ్రేకు పట్టి షాకుల్ని పదిసార్లు నొక్కి, మిగతా బోల్టులు కింద నుంచి పైకి వరసగా బిగించుకుంటూ రండి. సూటిగా నిలిస్తే అయిపోయింది, ఖర్చు సున్నా.

నిలవకపోతే పైపులు తీసి వంటింటి గ్రానైట్ బల్ల మీదో మందపాటి అద్దం మీదో దొర్లించండి. కింద నుంచి వెలుతురు ఊగుతూ కనిపిస్తే వంగినట్టే. ఎంత వంగిందో తెలియాలంటే లేత్ షాపులో రెండు వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో కొలిపించండి, ముల్లు కదిలిన దాంట్లో సగం అసలు వంకర. చాలా మాన్యువళ్లలో హద్దు 0.2 మి.మీ., అది దాటితే మార్చమనే ఉంటుంది. ఎక్కువగా వంగేది కింది టీకి సరిగ్గా కింద, అక్కడ క్రోమ్ మీద అడ్డంగా సన్న పగుళ్లు కూడా వెతకండి.

ప్రెస్‌లో సాపు చేసేవాళ్లు ఉన్నారు, చేతి పని తెలిసినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ వంగిన ఉక్కుని తిరిగి వంచితే ఆ చోటు మళ్లీ ముందు బలంతో ఉండదు, క్రోమ్ చిట్లుతుంది, చిట్లిన చోట తుప్పు మొదలవుతుంది. యమహా మాన్యువళ్లు వంగిన పైపుని సాపు చేయడానికి ప్రయత్నించొద్దని, అలా చేస్తే అది ప్రమాదకరంగా బలహీనపడుతుందని నేరుగా హెచ్చరిస్తాయి. గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచేవాడి దగ్గరికి అసలు పోకండి. కొత్త పైపు ధరకీ ప్రెస్ పనికీ మధ్య తేడా రోజూ తిరిగే మామూలు బండికి కొన్ని వందలు, ఆ కొన్ని వందల కోసం బ్రేకు కొట్టినప్పుడల్లా ముందు చక్రం మీద అనుమానంతో బండి నడపడం నా వల్ల కాదు. పాత అరుదైన బండికి, అదీ కొద్దిగా వంగితే, పగుళ్లు లేకపోతే, అప్పుడు మాత్రం మంచి షాపులో చేయించి కొలిపించుకోండి.

ప్రమాదంలో వంగితే ఇన్సూరెన్స్ ఉందా అని కూడా చూడండి, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే లాభం లేదు. కాంప్రహెన్సివ్ ఉంటే మెటల్ భాగాలకి వయసుని బట్టి తరుగుదల కోస్తారు, రెండేళ్లు దాటి మూడేళ్ల లోపైతే 15 శాతం, ఐదు దాటితే 40, సీళ్ల లాంటి రబ్బరు వాటికి ఎప్పుడైనా 50. ఒక్క పైపు కోసం క్లెయిమ్ వేస్తే ఎన్‌సీబీ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అది ఏళ్ల తరబడి పెరిగి 50 శాతం దాకా వెళ్లేది కాబట్టి లెక్క వేసుకోండి. టీ, మడ్‌గార్డు, హెడ్‌లైట్ అన్నీ కలిసి పోతే మాత్రం క్లెయిమే మేలు.

ఏ దారిలో వెళ్లినా, డిస్క్ బ్రేకు బండైతే లీకైన ఆయిల్ ప్యాడ్లకి అంటిందేమో చూడండి. అంటితే కడిగినా కాల్చినా అవి మళ్లీ పట్టవు, మార్చేయాలి, డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. పని అయ్యాక మొదటి వారం రోజూ పొద్దున పైపు చుట్టూ తెల్ల టిష్యూ పేపర్ ఒకసారి చుట్టి తీసి చూడండి. సన్నటి తడి చెమ్మ కనిపిస్తే కంగారు లేదు, కొత్త సీలు కుదురుకునేదాకా ఉంటుంది. ఉంగరంలా ఆయిల్ గీత పడి కిందకి జారుతుంటే మళ్లీ దూది పట్టుకుని కూర్చోవాల్సిందే.